బ్లాకుల మూలలో పేచీలెందుకు వస్తాయి?

(దృశ్యం: నేలంతా చెల్లాచెదురుగా చెక్క బ్లాకులు. ఇద్దరు పిల్లలు ఒకే పొడవాటి ముక్కను చెరోవైపు లాగుతున్నారు.)

వ్యాఖ్యానం: ప్రీస్కూల్లో ఇది రోజూ కనిపించే గొడవే. పిల్లల్ని మందలించే ముందు ఒకసారి అరల్లో ఏమున్నాయో లెక్కపెట్టండి.

(దృశ్యం: బల్లమీద ఒక బ్లాకు, పక్కన స్కేలు.)

ఇది యూనిట్ బ్లాకు. పొడవు 5.5 అంగుళాలు, వెడల్పు 2.75, మందం 1.375. మందానికి రెట్టింపు వెడల్పు, వెడల్పుకి రెట్టింపు పొడవు. న్యూయార్క్‌లో 1914లో బడి పెట్టిన కరోలిన్ ప్రాట్ రూపొందించిన పద్ధతి ఇది. మిగతా ముక్కలన్నీ దీన్ని బట్టే ఉంటాయి. సగం ముక్క 2.75 అంగుళాలు, డబుల్ 11, నాలుగింతలది 22. పొడవుది దొరక్కపోతే పాప రెండు చిన్నవి పెట్టి సరిపెట్టుకుంటుంది. సగమంటే ఏమిటో, రెట్టింపంటే ఏమిటో అప్పుడే చేతికి తెలిసిపోతుంది. కొలతలు కలవని రంగురంగుల సెట్లలో ఇది కుదరదు, చూడ్డానికి ఎంత ముద్దుగా ఉన్నా సరే.

నలుగురైదుగురు ఆడుకోవాలంటే కనీసం 100 ముక్కలు కావాలి. యూనిట్లు 40 దాకా, డబుల్స్ 20 పైన ఉండాలి. పేచీలు ఎక్కువగా పొడవాటి వాటి దగ్గరే వస్తాయి కాబట్టి, కొత్తవి కొనేటప్పుడు ముందు అవే కొనండి.

(దృశ్యం: నిలబెట్టిన రెండు ముక్కల మీద అడ్డంగా పెట్టబోతే మూడోది జారిపడింది. బాబు మళ్లీ పెడుతున్నాడు.)

మొదట్లో పిల్లలు ముక్కల్ని ఊరికే మోసుకు తిరుగుతారు. తర్వాత వరసగా పేరుస్తారు, ఒకదానిమీద ఒకటి నిలబెడతారు. ఆ పైన వంతెన. ఎడం ఎక్కువైతే పైముక్క పడిపోతుంది. టీచర్ చెయ్యి ముందుకు పోయేది సరిగ్గా ఇక్కడే. ఆపుకోండి. నాలుగుసార్లు పడేశాక, వాడే ఒక ముక్కను దగ్గరికి జరుపుతాడు. కొలవడమంటే ఆ జరపడమే. నాలుగువైపులా మూసి గదిలా కట్టడం ఇంకా కష్టం, చివరి మూల ఓ పట్టాన కలవదు.

"ఏం కట్టావు?" అని అడక్కండి. చాలాసార్లు వాళ్లేమీ అనుకుని కట్టరు. మీరు అడిగారు కాబట్టి "ఇల్లు" అనేసి లేచిపోతారు. కనిపించింది చెప్పండి చాలు: "పొడవువి కింద పెట్టావు, పొట్టివి పైన పెట్టావు." మాట వాళ్లే అందుకుంటారు.

(దృశ్యం: అరకి అడుగు దూరంలో నేలమీద రంగు టేపు గీత.)

ఈ గీతకీ అరకీ మధ్య కట్టకూడదు. లేకపోతే ముక్క కోసం వచ్చినవాళ్ల కాలు తగిలి పక్కవాళ్ల గోపురం కూలుతుంది. బ్లాకులాడుకునే మూల నడకదారిలో ఉండకూడదు. కింద మెత్తటి కార్పెట్ వద్దు, దానిమీద ఏదీ నిలవదు. ఎత్తు ఎవరి భుజం దాకా వాళ్లకి. ఎవరు కట్టింది వాళ్లే కూల్చాలి.

టైము 45 నిమిషాలకి తగ్గకూడదు. పావుగంటే ఇస్తే పేర్చడంతోనే అయిపోతుంది, ఇక మిగిలేది కూల్చడమే.

(దృశ్యం: అరల్లో అతికించిన ముక్కల ఆకారాలు. పిల్లలు వాటిని చూసి సర్దుతున్నారు.)

సర్దడానికి పది నిమిషాల ముందే చెప్పండి. "అన్నీ తీసెయ్యండి" అంటే ఎవరూ కదలరు. "నువ్వు డబుల్స్, నువ్వు సగాలు" అని పంచండి. ఎవరిదైనా సగంలో ఉంటే పేరు చీటీ పెట్టి రేపటిదాకా అలాగే ఉంచండి.