పాత జంట గొట్టాల తుపాకీని తిరగేసి చదవడం

నమస్కారం. తుపాకులు తెచ్చినవాళ్లు దయచేసి సంచులు అప్పుడే తెరవకండి. నేను ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి, అది ఖాళీగా ఉందని చూశాకే బల్ల మీద పెడదాం. వెనుక నుంచి తెరుచుకునే రకమైతే తెరిచి చూస్తే తెలిసిపోతుంది. మూతి నుంచి మందు దట్టించే రకమైతే సన్నని కర్రను గొట్టంలోకి దింపి, అది దిగిన లోతును బయట గొట్టం పొడవుతో పోల్చాలి. నాలుగు వేళ్ల తేడా వచ్చిందంటే లోపల ఏదో ఉన్నట్టే. ఎప్పుడో ఎవరో దట్టించి గోడకు తగిలించిన మందు తరాలు మారినా అలాగే ఉండిపోయిన తుపాకులు ఉన్నాయి. పొడిగా ఉన్న తుపాకీమందు ఎన్నేళ్లయినా పేలుతుంది.

అందరూ నన్ను మొదట అడిగేది నంబరు గురించి. "దీని మీద ఈ అంకె ఉంది, ఏ సంవత్సరానిది?" అంటారు. లండన్‌లోని పర్డీ లాంటి పెద్ద సంస్థ తుపాకీ అయితే నంబరుతో పని జరుగుతుంది, ఎందుకంటే వాళ్ల పాత ఖాతా పుస్తకాలు నిలిచి ఉన్నాయి. గొట్టాల నడుమ పట్టీ మీద చెక్కిన చిరునామా కూడా సాయపడుతుంది. పర్డీ దుకాణం 1880ల మొదట్లో ఆక్స్‌ఫర్డ్ వీధి నుంచి సౌత్ ఆడ్లీ వీధికి మారింది కాబట్టి, పాత చిరునామా ఉన్న తుపాకీ ఆ మార్పుకు ముందుదై ఉండాలి. కానీ మన చేతికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం అంత గొప్ప ఇంటివి కావు. వాటి మీద అంకె చాలాసార్లు విడిభాగాలు కలిసిపోకుండా పనివాడు కొట్టుకున్న గుర్తు మాత్రమే.

ఇక పేరు. నా దృష్టిలో తుపాకీ మీద అన్నిటికంటే తక్కువ నమ్మదగినది అదే. బెల్జియంలోని లియేజ్ నగరం నుంచి అమెరికాకు చవక తుపాకులు విపరీతంగా వెళ్లేవి. వాటిలో కొన్నిటి మీద 'డబ్ల్యు. రిచర్డ్స్' అని చెక్కారు. వెస్ట్లీ రిచర్డ్స్ అనే ప్రసిద్ధ ఆంగ్ల సంస్థ గుర్తుకు రావాలని! 'లండన్ ఫైన్ ట్విస్ట్' అన్న మాటైతే తయారీదారు పేరే కాదు, గొట్టం ఎలాంటిదో చెప్పే గొప్ప. దాన్ని లండన్ నుంచి ఎంతో దూరంలో కూడా చెక్కేవారు.

అందుకే తిరగేయండి. గొట్టాల కింద చేయి పట్టే చెక్కను ఊడదీసి, మీట తిప్పి గొట్టాలను పైకెత్తితే అవి కీలు నుంచి విడివడతాయి. తూటా కూర్చునే గది కింద చదునైన చోట చిన్న చిన్న ముద్రలుంటాయి. మామూలు కంటే ఎక్కువ మందుతో పేల్చి, గొట్టం తట్టుకుందని తేలాక ప్రూఫ్ హౌస్ అనే పరీక్షాలయం వేసినవి అవి. లండన్‌లో ఈ పరీక్ష చేసే తుపాకీ పనివారి సంఘానికి రాజపత్రం 1637లో వచ్చింది. బర్మింగ్‌హామ్‌కు 1813లో చట్టం ద్వారా సొంత ప్రూఫ్ హౌస్ ఏర్పడింది. ఈ ముద్రలు అందం కోసం వేసినవి కావు. చట్టం మారినప్పుడల్లా అవీ మారాయి. మనకు దొరికే తేదీలన్నీ ఆ మార్పుల్లోనే ఉన్నాయి. బర్మింగ్‌హామ్ గొట్టం మీద కిరీటం కింద అడ్డంగా పెట్టిన రాజదండాలు కనిపిస్తే అది 1904కు ముందు పరీక్షకు వెళ్లింది. మూతి దగ్గర బిగుతుగా ఉండే చోక్ గొట్టాల మీద 'నాట్ ఫర్ బాల్' అని, అంటే ఒంటి గుండు వేయవద్దని కొట్టింది 1875 నుంచి 1887 వరకే. డైమండ్ ఆకారంలో 12, సి అక్షరం ఉంటే 1887 తరువాతిది. ఆ 12 ఏమిటంటారా? గొట్టం లోపలికి సరిపోయే సీసపు గుండ్లు పన్నెండు తూగితే ఒక పౌండు. వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు.

అమెరికాలో ఇలాంటి ప్రభుత్వ పరీక్ష లేదు. అక్కడి తుపాకీ అడుగున ఖాళీ చూసి కంగారు పడకండి.

యంత్రాంగం కూడా కాలం చెబుతుంది, కానీ ఒక వైపు నుంచే. సుత్తులు బయట కనిపించకుండా లోపల దాచిన ఆన్సన్, డీలీల పేటెంటు 1875 నాటిది. కాబట్టి ఆ రకం అంతకు ముందుది కాదు. సుత్తులు బయటున్నంత మాత్రాన పాతదని మాత్రం అనలేం, వాటిని ఆ తరువాత కూడా చాలా కాలం చేశారు. డమాస్కస్ గొట్టం సంగతీ ఇంతే. ఇనుము, ఉక్కు కడ్డీలను మెలితిప్పి, పట్టీగా సాగగొట్టి, కొయ్యకు తాడు చుట్టినట్టు చుట్టి అతికిన పని అది. మామూలు ఉక్కు మీద ఆ గీతలను పైపైన దించిన నకిలీలూ ఉన్నాయి.

నా తొలి తుపాకీ మీద 'లండన్' అని ఉంటే రెండేళ్లు ఆంగ్లేయులదనే చెప్పుకుని తిరిగాను. ఒకరోజు గొట్టాలు విప్పితే అండాకారంలో ఇ.ఎల్.జి. అక్షరాలు కనిపించాయి. లియేజ్ ముద్ర! దాని మీద కిరీటం లేదు. ఆ కిరీటం 1893లో చేరింది. పక్కనే తనిఖీదారు అక్షరం, పైన నక్షత్రం. 1877కు ముందు తనిఖీదారు అక్షరం మీద నక్షత్రం బదులు కిరీటం ఉండేది. అంటే 1877, 1893 మధ్య. పదహారేళ్ల కిటికీ. "సరిగ్గా ఏ సంవత్సరం?" అని మా ఇంట్లో ఇప్పటికీ అడుగుతారు. అంతకు మించి ఆ గొట్టం చెప్పదు.

పేల్చవచ్చా అని అడగబోయేవారికి ఒక మాట. పాత గది చాలాసార్లు 65 మిల్లీమీటర్ల తూటాకు చేసినది. నేటి 70 మిల్లీమీటర్ల తూటా అందులో చక్కగా కూర్చుంటుంది. కానీ పేలినప్పుడు విచ్చుకోవడానికి చోటు లేక లోపలి ఒత్తిడి పెరుగుతుంది. నేనైతే నాది పేల్చను.

సరే, మొదటి వరుసలో ఎడమ చివర కూర్చున్న మీ దగ్గరికే వస్తున్నాను. సంచి అలాగే ఉంచండి.