కరెంటు వచ్చాక తాళం ఎవరు తీస్తారు?

అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో కరెంటు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 2018లో తిత్లీ తుఫాను చూసినవాళ్ళం. ఇన్వర్టరు ఒక పూట ఆదుకుంటుంది, తర్వాత చేతులెత్తేస్తుంది. ఇంటి సర్వర్, అంటే ఇంట్లోవాళ్ళ ఫైళ్ళు దాచి ఎప్పుడూ నడుస్తుండే కంప్యూటర్, గురించి ఆలోచించేటప్పుడు ఆ మాటే ముందు గుర్తుపెట్టుకోవాలి.

కొన్నేళ్ళ కిందట పాత కంప్యూటర్ రిపేరుకిచ్చాను. డిస్కు పోయింది, కొత్తది వేశామన్నారు. పాతది ఇమ్మంటే, ఎక్కడో పారేశామన్నారు. అందులో అమ్మమ్మ పాడిన మంగళహారతులు, ఇంటి దస్తావేజుల స్కాన్లు ఉన్నాయి. మళ్ళీ పాడించుకుందామంటే అమ్మమ్మ లేదు. ఆ కాగితాలు ఎవరి చేతిలో పడ్డాయోనన్న దిగులు ఇంకో ఎత్తు. పాస్‌ఫ్రేజ్ అనే పొడవాటి పాస్‌వర్డ్ లేనిదే ఎవరూ చదవలేనట్టు డిస్కు ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే ఆ రెండో దిగులు ఉండేది కాదు.

ఇప్పుడు పర్లాకిమిడిలో మా ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతంత కంప్యూటర్ మీద డెబియన్ అనే లినక్స్ నడుస్తోంది, అదే మా సర్వర్. 5 వాట్లు లాగుతుందనుకుంటే నెలంతా కలిపి 3.6 యూనిట్లు. 100 వాట్ల డెస్క్‌టాప్ అయితే 72. ఎన్‌క్రిప్షన్‌కి మామూలుగా వాడే పద్ధతి ఏఈఎస్. పై 4 చిప్‌లో దానికి హార్డ్‌వేర్ సాయం లేదు, అందుకని లినక్స్‌లో డిస్కుని ఎన్‌క్రిప్ట్ చేసే లక్స్‌లో, అలాంటి సాయం లేకున్నా వేగంగా నడిచే అడియాంటం పద్ధతి ఎంచుకున్నాను. పై 5లో ఆ సాయం ఉంది, మామూలు ఏఈఎస్ చాలు.

అసలు చిక్కు ఇక్కడ. కరెంటు వస్తుంది, సర్వర్ లేస్తుంది, పాస్‌ఫ్రేజ్ కోసం ఆగిపోతుంది. దానికి స్క్రీన్ లేదు, కీబోర్డ్ లేదు. నేను బరంపురంలో ఉంటాను. పాస్‌ఫ్రేజ్‌ని సర్వర్‌లోని అదే మెమరీ కార్డులో రాసి పెట్టెయ్యమని కొందరు చెప్తారు. దయచేసి వద్దు. తాళం వేసి తాళంచెవిని గుమ్మానికే తగిలించినట్టు.

ఇంకో కంప్యూటర్ నుంచో ఫోన్ నుంచో భద్రంగా లాగిన్ అవనిచ్చే దారి ఎస్‌ఎస్‌హెచ్. డ్రాప్‌బేర్ అనే చిన్న ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్‌ని ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో, అంటే బూట్ మొదట్లో లేచే చిన్న సిస్టమ్‌లో, పెట్టండి. డిస్కు తెరుచుకోకముందే అది నెట్‌వర్క్‌లోకి వస్తుంది. మా తమ్ముడు ఇంటి వైఫైలోనే ఫోన్‌తో లాగిన్ అయి, క్రిప్ట్‌రూట్-అన్‌లాక్ అనే కమాండ్ కొట్టి పాస్‌ఫ్రేజ్ ఇస్తాడు. బూట్ సాగిపోతుంది. డ్రాప్‌బేర్‌కి అసలు సిస్టమ్ ఎస్‌ఎస్‌హెచ్‌ది కాకుండా వేరే పోర్ట్ నంబరు ఇవ్వండి. దాని హోస్ట్ కీ, అంటే సర్వర్‌ని గుర్తుపట్టే కీ, వేరు కాబట్టి, పోర్ట్ ఒకటే అయితే కీ మారిందంటూ వార్నింగ్ వచ్చి ఇంట్లో వాళ్ళకి టెన్షన్. బూట్ భాగం మాత్రం ఎన్‌క్రిప్ట్ కాదు. డిస్కు ఎత్తుకుపోయేవాడి నుంచి ఇది కాపాడుతుంది, ఇంట్లోకొచ్చి బూట్ ఫైళ్ళు మార్చేవాడి నుంచి కాపాడదు.

తమ్ముడికి నా పాస్‌ఫ్రేజ్ ఇవ్వలేదు. లక్స్ రెండో వెర్షన్ లక్స్2లో 32 కీ స్లాట్లు ఉంటాయి, ఒక్కోదానిలో ఒక్కో పాస్‌ఫ్రేజ్ పెట్టొచ్చు, అతనిది అతనికే. ఈ స్లాట్లుండే డిస్కు మొదటి భాగం, హెడర్, బ్యాకప్ కూడా వేరే పెన్‌డ్రైవ్‌లో తీసి ఉంచండి. హెడర్ చెడితే సరైన పాస్‌ఫ్రేజ్ కూడా పనికిరాదు.

ఇదిగో, ఇక్కడున్న ఈ సర్వర్ ప్లగ్ పీకేస్తున్నాను. నా ఫోన్ ఇస్తాను, మీలో ఒకరు ముందుకు వచ్చి దీన్ని లేపండి.