హామ్ రేడియో బల్ల: వెనక వైపు నుంచి మొదలుపెడదాం

[తెర మీద: గోడకు అర మీటరు దూరంలో ఖాళీ చెక్క బల్ల. దాని మీద ఇంకా ఏ సామానూ లేదు.]

నమస్కారం. హామ్ రేడియో అంటే లైసెన్సు తీసుకుని, సరదాగా రేడియోలో దూరదూరాల వాళ్లతో మాట్లాడే అభిరుచి. ఇంట్లో దానికి బల్ల సర్దుకునేటప్పుడు చాలామందిమి ఒకేలా చేస్తాం. రిగ్, అంటే మాటలు పంపే, అందుకునే రేడియో సెట్టు, తెచ్చి మధ్యలో పెడతాం, పక్కన మైకు, ఆ పక్కన స్పీకరు. ముందు నుంచి ఫొటో తీస్తే బాగుంటుంది. వెనక్కి వెళ్లి చూస్తే వైర్ల చిక్కు. ఈ వీడియోలో మాత్రం వెనక నుంచి మొదలుపెడదాం.

మొదటి ఏడాది నా బల్లా అలాగే ఉండేది. మే నెలలో ఒక సాయంత్రం ఉన్నట్టుండి గాలిదుమారం లేచింది, దూరంగా మెరుపులు. యాంటెన్నా విడదీద్దామని బల్ల కింద దూరాను. టార్చి వెలుగులో నాలుగు నల్ల కేబుళ్లు కనిపించాయి, నాలుగూ ఒకేలా. కంగారులో ఒకటి పీకాను. అది స్పీకరుది. సరైనది దొరికేసరికి ఉరుములు నెత్తి మీదికి వచ్చేశాయి. ఆ సమయంలో యాంటెన్నా కేబుల్ చేత్తో పట్టుకోవడమే పెద్ద తప్పు. ఆ రోజు ఏమీ కాలేదు కానీ, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

అందుకే నా బల్లకి ఒకటే కొలమానం. చీకట్లో కూడా, తడుముకోకుండా, పది సెకన్లలో యాంటెన్నా విడదీయగలగాలి. మబ్బు పట్టేదాకా ఆగకుండా, పని అయిపోగానే రోజూ విడదీయాలి.

[తెర మీద: బల్లకీ గోడకీ మధ్య మనిషి పక్కకి తిరిగి నిలబడతాడు.]

బల్లని గోడకి ఆనించకండి. మనిషి పట్టేంత సందు వదలండి. అంత చోటు లేకపోతే బల్ల కాళ్లకి చక్రాలు బిగించుకోండి. వెనక్కి చెయ్యి వెళ్లని చోట ఎవరూ వైర్లు సర్దరు. రిగ్ వెనక ఫ్యాన్‌కి కూడా గాలి ఆడాలి కదా.

[తెర మీద: కిటికీ మూలలో బిగించిన అల్యూమినియం పలక, దాని మీద మూడు కనెక్టర్లు. దగ్గరగా.]

యాంటెన్నా కేబుల్ కిటికీ సందులోంచి నేరుగా బల్ల మీదికి రాకూడదు. కిటికీలో ఒక మూల అద్దం తీసి, ఇలా అల్యూమినియం పలక పెట్టించాను. బయటి కేబుల్ పలక అవతల ఆగుతుంది, లోపలి కేబుల్ ఇవతల మొదలవుతుంది. పలక నుంచి లావుపాటి రాగి పట్టీ బయట నేలలో దిగేసిన ఎర్త్ రాడ్‌కి వెళ్తుంది. ఆ రాడ్‌ని ఇంటి ఎర్త్‌తో కూడా కలిపించాలి. అది ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. రోజూ విడదీసేది బయటి కేబుల్‌నే. విడదీశాక దాని కొస గదిలోకి రాకుండా బయటే ఉండాలి. బయట కేబుల్‌ని పలక కంటే కిందికి ఉయ్యాలలా వంచి, మళ్లీ పైకి తెచ్చి బిగించండి. వాననీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, కనెక్టర్‌లోకి రావు.

ఈ కనెక్టర్‌ని ఒకసారి దగ్గరగా చూడండి. పీఎల్-259. పక్కన నాలుగు రంధ్రాలు ఉన్నాయి కదా, వాటిలోంచి కేబుల్ జల్లెడ తీగ, అంటే మధ్య తీగ చుట్టూ ఉండే అల్లిక, కనబడాలి, దానికి టంకం పట్టి మెరవాలి. చాలామంది మధ్య సూదికి టంకం వేసి, జల్లెడని ఊరికే నొక్కి వదిలేస్తారు. ఆరు నెలల్లో, పంపిన శక్తి యాంటెన్నా వైపు నుంచి ఎంత వెనక్కి వస్తోందో చూపే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు ముల్లు ఆడటం మొదలవుతుంది, మనమేమో యాంటెన్నాని అనుమానిస్తాం. టంకం వేశాక సూదీ జల్లెడా ఒకదానికొకటి తగులుకోలేదని కూడా చూసుకోవాలి. కేబుల్‌ని రెండు వైపులా విప్పేసి, మల్టీమీటరుతో సూదికీ కనెక్టర్ బయటి లోహానికీ మధ్య చూడండి. బీప్ రాకూడదు.

ఇక కరెంటు. వంద వాట్ల రిగ్ ప్రసారం చేసేటప్పుడు 13.8 వోల్టుల దగ్గర 20 ఆంపియర్ల దాకా లాగుతుంది. పవర్ సప్లై రెండు మీటర్ల దూరంలో ఉందనుకోండి. రానూపోనూ నాలుగు మీటర్ల తీగ. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరైతే దారిలోనే దాదాపు 0.9 వోల్టు పోతుంది. అదే 4 చదరపు మిల్లీమీటర్లదైతే 0.35. కరెంటు షాపులో వైరు అడిగేటప్పుడు ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. రిగ్‌తో వచ్చిన వైరులోని ఫ్యూజులు ఎప్పుడూ కోసి పారేయకండి.

కేబుళ్లని కట్టేటప్పుడు 230 వోల్టుల వైర్లు ఒక పక్క, యాంటెన్నా కేబుళ్లు ఇంకో పక్క పోనివ్వండి. ప్లాస్టిక్ ట్యాగులు వద్దు, వెల్క్రో పట్టీలు వాడండి. హామ్ బల్ల ప్రతి నెలా మారుతుంది, ప్రతిసారీ కత్తెర పట్టుకుని కూర్చోలేం. ప్రతి కేబుల్‌కీ రెండు కొసల్లోనూ తెల్ల టేపు చుట్టి పేరు రాయండి, తెలుగులోనే రాయండి. ఒక కొసకే రాస్తే రాయనట్టే. యాంటెన్నా కేబుల్‌కి మాత్రం ఎర్ర టేపు చుట్టండి.

[తెర మీద: బల్ల ముందు వైపు. రిగ్, మైకు, మోర్స్ కీ, నోటుబుక్కు, గడియారం.]

ముందు వైపు సంగతి తొందరగా తేలిపోతుంది. ట్యూనింగ్ నాబ్ తిప్పేటప్పుడు మోచెయ్యి బల్ల మీద ఆనాలి. ఎవరితో ఎప్పుడు మాట్లాడామో రాసుకునే లాగ్‌బుక్ రాసే చేతి వైపు ఉండాలి. గడియారం యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన సమయంలో, పెట్టండి. మన సమయంలోంచి ఐదున్నర గంటలు తీసేస్తే అదే. అర్ధరాత్రి దాటి ఒంటి గంటకి మాట్లాడితే లాగ్‌లో ముందు రోజు తేదీ, 19:30 అని పడాలి. నిద్రమత్తులో ఈ లెక్క తప్పుతుంది, అందుకే ఇంటి గడియారం కాకుండా యూటీసీకి ఈ రెండో గడియారం.

గోడ మీద లైసెన్సు ఉండాలి. అది లేకుండా ప్రసారం చేయకూడదు. మన దేశంలో పరీక్ష రాసి, టెలికాం శాఖ వాళ్ల దగ్గర లైసెన్సు తీసుకోవాలి. హైదరాబాద్‌లో 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. అక్కడి భారతీ ప్రసాద్ గారు 2004 డిసెంబరులో హామ్ రేడియో పని మీదే అండమాన్‌లో ఉన్నారు. సునామీ వచ్చి ఫోన్లు పడిపోయాక ఆ రేడియోలే కబురు మోశాయి. అలాంటి రోజు ఏ కేబుల్ ఎక్కడిదో వెతుక్కునే తీరిక ఎవరికీ ఉండదు.

[తెర మీద: రిగ్ డిస్‌ప్లే, అందుతున్న సిగ్నల్ బలం చూపే ఎస్-మీటరు దగ్గరగా. బుస్సుమనే శబ్దం.]

అన్నీ పెట్టాక ఈ పరీక్ష చేయండి. రిగ్‌ని 12 వోల్టుల బ్యాటరీకి కలిపి, 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర పెట్టి, ఊరికే వినండి. ఈ బుస్సు విన్నారా? మీటరు ఏడు దగ్గరుంది. ఇప్పుడు ఇంట్లో వాళ్లకి చెప్పి మెయిన్ ఆపుతున్నాను. ఇన్వర్టరు కూడా.

[మెయిన్ స్విచ్ శబ్దం. బుస్సు పడిపోతుంది. మీటరు మూడు.]

ఇదీ తేడా. అంటే గోల మన ఇంట్లోంచే వస్తోంది. ఇప్పుడు ఒక్కో స్విచ్చే వేసుకుంటూ వస్తాను. ఫ్రిజ్, ఏమీ లేదు. హాల్లో లైట్లు, లేదు. పడగ్గది... ఇదిగో. ఎల్‌ఈడీ బల్బు కాదు, మంచం పక్కన ఫోన్ ఛార్జరు. దాన్ని తీసేస్తే చాలు.

[ఛార్జరు పీకిన చెయ్యి. నెమ్మదించిన శబ్దంలోంచి సన్నగా ఒక గొంతు, తన కాల్‌సైన్ (లైసెన్సుతో ఇచ్చే గుర్తింపు పేరు) చెబుతూ.]

ఇందాకటి నుంచీ ఆయన పిలుస్తూనే ఉన్నారు.