పాత లైను ఎవరు దిద్దాలి? విజయవాడ స్టూడియో చర్చ

మోడరేటర్: నమస్కారం. ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు మాన్యువల్ ఇన్‌స్టలేషన్ పేజీలో, పైథాన్ ప్యాకేజీలని సిస్టమ్ మొత్తానికీ ఎక్కించే ‘సుడో పిప్ ఇన్‌స్టాల్’ కమాండు పనిచేయట్లేదని గుంటూరు విద్యార్థిని సవరణ పంపింది. ప్రాజెక్టువాళ్లు తిప్పికొట్టారు. ఇరుపక్షాలకీ సమాన సమయం ఇస్తాం. ఏం పంపావమ్మా?

విద్యార్థిని: ల్యాబ్‌లో ఉబుంటు 24.04 అనే లినక్స్ ఉందండి. పేజీలో ఉన్నట్టే కొడితే ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్’, అంటే ఈ పైథాన్‌ని సిస్టమే చూసుకుంటుంది అని ఆగిపోయింది. ‘బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్’ ఆప్షన్ తగిలిస్తే ఎక్కింది. అదే రాసి...

సిస్టమ్ అడ్మిన్: ఆగమ్మా! పాడవుతుందని ఆ ఆప్షన్ పేరే చెబుతోంది కదా. ఉబుంటు సొంత ఇన్‌స్టాలర్ ఏప్ట్ పెట్టిన లైబ్రరీతో పిప్ పెట్టింది తగవు పడుతుంది, దాని మీద నడిచే సిస్టమ్ టూల్స్ పడిపోతాయి. ఇలా ఆపే పైథాన్ నియమం, పెప్ 668, అందుకే వచ్చింది. ఉబుంటుకి మూలమైన డెబియన్ లినక్స్‌లో, 12వ వెర్షన్‌లో, 2023 నుంచే ఉంది.

వాలంటీర్: మేం తిప్పి పంపింది కూడా అందుకేనండి. వెన్వ్, అంటే సిస్టమ్‌ది ముట్టుకోకుండా విడిగా పెట్టుకునే పైథాన్, వాడమని...

అడ్మిన్: తిప్పి పంపారు, సరే. పాత లైను తీశారా? ఇవాళ్టికీ అక్కడే ఉంది! రేపు ఇంకో పిల్ల అదే కొడుతుంది.

వాలంటీర్: ఉన్నది ఇద్దరం. ఉద్యోగాలు చూసుకుని ఆదివారాలు...

మోడరేటర్: ఆ పేజీ తెలుగులో ఉంటే ఈ గొడవే రాదేమో?

లెక్చరర్: తెలుగులో రాసినా తప్పు కమాండు తప్పేనండి. అసలు మా ల్యాబ్ రికార్డుల సంగతి చూడండి. వర్డ్‌లో కమాండు టైపు చేస్తే ఆప్షన్ ముందుండే రెండు హైఫన్లు కలిసి ఒక పొడుగు గీత అయిపోతుంది. అదే ప్రింటు తీసి, అరండల్‌పేటలో జెరాక్స్ చేయించి పిల్లలకి ఇస్తాం. వాళ్లు ఆ గీతే కొడతారు. రాదు. తప్పు తమదే అనుకుని ఏడుస్తారు.

మోడరేటర్: గీత సంగతి బాగుంది. అయితే తెలుగులో...

విద్యార్థిని: సార్, వెన్వ్ కూడా నేరుగా రాలేదు. ఉబుంటులో ‘పైథాన్3 వెన్వ్’ అనే ప్యాకేజీ ముందు ఏప్ట్‌తో పెట్టుకోవాలి. ఆ మాట పేజీలో...

అడ్మిన్: అదే నేను చెప్పేది! వెన్వ్ వాడమంటే చాలదు, దానికి ముందు మెట్టు కూడా రాయాలి. రాసినవాడి మెషీన్‌లో అన్నీ ముందే ఉంటాయి, అందుకే వాడికి లోటు కనపడదు. కొత్తగా ఉబుంటు వేసిన మెషీన్ మీద మొదటి లైను నుంచి చివరిదాకా కొట్టి చూడకుండా ఏ సవరణా తీసుకోకూడదు.

వాలంటీర్: ఫెడోరా, విండోస్, మ్యాక్ అన్నిటి మీదా ఎవరు కొడతారండి?

అడ్మిన్: దేని మీద కొట్టారో అది రాయండి. ‘ఉబుంటు 24.04లో చూశాం’ అని పైన ఒక్క ముక్క, కింద తేదీ. మిగతావాటికి చూడలేదని రాయండి. అబద్ధం కంటే నయం!

వాలంటీర్: ఆ అమ్మాయి సరైన మెట్లతో మళ్లీ పంపితే తీసుకుంటాం. తప్పు ఆప్షన్‌ని మాత్రం...

అడ్మిన్: మళ్లీ తనే పంపాలా? ఎందుకు వద్దన్నారో చెప్పినవాళ్లు ఆ నాలుగు లైన్లూ మార్చలేరా?

లెక్చరర్: ఇద్దరే ఉన్నారంటున్నారు కదండి, కొంచెం...

అడ్మిన్: ఇద్దరైనా పేజీ వాళ్లదే! కొత్త మెషీన్ మీద చూశాకే పెట్టాలి. రెండోసారి చెబుతున్నా.

మోడరేటర్: సమయం అయిపోతోంది. ఆఖరుగా అడ్మిన్ గారూ, తెలుగు పేజీ ఉండాలా వద్దా?

వాలంటీర్: నాకొక్క నిమిషం...

అడ్మిన్: ముందు ఇంగ్లీషు పేజీలో ఆ ‘సుడో పిప్’ తీయించండి. దిద్దని పేజీని తెలుగు చేస్తే రెండుచోట్ల దిద్దుకోవాలి.

విద్యార్థిని: సార్, నేను మళ్లీ పంపనా, వద్దా?

మోడరేటర్: విరామం.