వయొలిన్‌కి మెట్లుండవు

శ్రోతలకు నమస్కారం.

పిల్లల్ని వయొలిన్‌లో చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రులు మొదటి రోజే నన్ను అడుగుతారు: "వేళ్లు ఎక్కడ పెట్టాలో తెలిసేలా స్టిక్కర్లు అంటిస్తారా మాస్టారూ?" కొందరైతే ఇంట్లోనే రంగు టేపు ముక్కలు అంటించి మరీ తెస్తారు. వాళ్ల ఆదుర్దాలో అర్థం లేకపోలేదు. వీణకి 24 మెట్లుంటాయి. మెట్టు మీద తీగ నొక్కి మీటితే స్వరం పలుకుతుంది. వయొలిన్‌కి ఆ ఆసరా లేదు. నల్లటి పలక, నాలుగు తీగలు, అంతే. వేలు వెంట్రుకవాసి జరిగితే అపస్వరం.

అయినా నేను వెంటనే అంటించను. వయొలిన్ పెట్టెలోంచి తియ్యనివ్వను కూడా. శ్రుతి పెట్టె మోగుతుంటే ముందు పాడమంటాను. గొంతు బాగాలేదని సిగ్గుపడే పిల్లలుంటారు. కచేరీకి కాదు కదా అని నచ్చజెబుతాను. స్వరం గొంతులో నిలిచాకే, వేలు తప్పుచోట పడినప్పుడు చెవికి ముల్లులా గుచ్చుకుంటుంది. స్టిక్కరుంటే ఏమవుతుంది? పిల్లవాడు వినడం మానేసి చూడటం మొదలుపెడతాడు. వేలు గీత మీదే ఉంది, తీగ శ్రుతి దిగిపోయింది, వాడికి పట్టదు!

తొలి పాఠాలైన సరళీ స్వరాలకి మన పెద్దలు మాయామాళవగౌళ రాగాన్ని ఎంచుకున్నారు. పురందరదాసు వేసిన బాట అంటారు. గాత్రం గురువులు దీనికి చెప్పే కారణాలు వేరే ఉన్నాయి. వయొలిన్ పట్టుకున్నవాడికి కనిపించే సుఖం మరొకటి. ఈ రాగంలో స, రి దగ్గర దగ్గరగా ఉంటాయి. రి నుంచి గ దూరం. మళ్లీ గ, మ దగ్గర. పైన ప ద ని స కూడా అచ్చంగా ఇదే కొలత. మన పద్ధతిలో తీగల్ని షడ్జమానికీ పంచమానికీ, అంటే స-కీ ప-కీ, శ్రుతి చేస్తాం కాబట్టి, ఒక తీగ మీద సరిగమ పలికించిన వేళ్లే పక్క తీగ మీద అవే చోట్ల పడితే పదనిస పలుకుతుంది. ఈ కిటుకు నేను ముందుగా చెప్పను. పిల్ల తనంతట తాను కనిపెట్టిన రోజున దాని మొహం చూడాలి!

జపాన్‌లో షినిచి సుజుకి అనే వయొలిన్ గురువు ఉండేవారు. 1898లో పుట్టి, 1998లో పోయారు. ప్రతి బిడ్డా మాతృభాషని వినివినే నేర్చుకుంటున్నప్పుడు వయొలిన్ మాత్రం అలా ఎందుకు రాదన్నది ఆయన ప్రశ్న. అందుకే ఆ పద్ధతిలో పాఠం తాలూకు రికార్డు ఇంట్లో రోజూ మోగాలి. తల్లో తండ్రో పాఠంలో పక్కన కూర్చోవాలి. నొటేషన్ చదవడం తర్వాత. గురువుగారింట్లో ఉండి, నీళ్లు తోడుతూ సాధన వినే మన పాతకాలపు శిష్యుడికి ఇదేం కొత్త కాదు. కానీ పక్కన కూర్చున్న అమ్మ ఫోన్ చూసుకుంటూ ఉంటే సుజుకి గారైనా ఏం చెయ్యగలరు?

విజయనగరంలో 1919లో మహారాజావారు సంగీత కళాశాల పెట్టినప్పుడు, వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ చదువుకుందామని వెళ్తే, వాయించడం విని ఏకంగా అధ్యాపకుడిగా వేసుకున్నారని చెప్పుకుంటారు. ఆయనకి చిన్నప్పటి నుంచీ చూపు మందం. స్టిక్కర్ల సంగతి వచ్చినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు.

పాతపద్ధతంతా బంగారమని మాత్రం అనను. తీగల మీద లాగే కమాను ఎందుకు కీచుమంటోందో చెప్పకుండా ఏడాదిపాటు సరళీ స్వరాలే రుద్దించే గురువులున్నారు. కమాను వంకరగా పోతోందనో, మరీ నొక్కుతున్నావనో ఒక్క ముక్క చెబితే నెలల శ్రమ తప్పుతుంది.

ఇప్పుడు అమెరికాలో ఉన్న మన పిల్లలకి వీడియోలో పాఠాలు. మాట ఆలస్యంగా చేరుతుంది కాబట్టి గురుశిష్యులు కలిసి వాయించడం కుదరదు. పైగా ఆ వీడియో యాప్ తంబురా నాదాన్ని ఫ్యాను రొద అనుకుని తీసిపారేస్తుంది! సెట్టింగుల్లో ఆ శుద్ధి ఆపేసి, శ్రుతి పిల్ల గదిలోనే మోగించుకోమంటాను.

నేనూ మరీ మొండివాణ్ణి కాను. ఆరేళ్ల పాప ఒకతి గాంధారం, అదే గ, దొరక్క కళ్లనీళ్లు పెట్టుకుంటే, అక్కడ సన్నటి టేపు ఒక్కటి అంటించాను. మూడు నెలలకి అది సగం ఊడింది. వాళ్లమ్మ హడావిడిగా కొత్త టేపు తెచ్చింది. పాప వయొలిన్ వెనక్కి లాక్కుని, "వద్దమ్మా, వేలికి జిగురంటుతోంది" అంది.

సెలవు.