ఫార్మాట్ కొట్టించే ముందు

అందరికీ నమస్కారం. ఇక్కడికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది డీటీపీ, జిరాక్స్ సెంటర్లు నడిపేవాళ్లే కాబట్టి సూటిగా విషయానికొస్తాను. సిస్టమ్ స్లో అయిందనగానే మనకు తోచేవి రెండే: ఫార్మాట్ కొట్టించడం, లేదంటే కొత్తది కొనడం. నన్నడిగితే రెండూ తొందరపాటే. ముందు జబ్బెక్కడుందో చూడాలి.

సిస్టమ్ మొరాయిస్తున్నప్పుడే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పదేళ్ల నాటి మెషీన్లలో తరచూ కనిపించేది ఇదీ: ప్రాసెసర్ దాదాపు ఖాళీగా ఉంటుంది, డిస్క్ మాత్రం 100 శాతం. హార్డ్ డిస్క్‌లో నిమిషానికి 7,200 సార్లు తిరిగే పళ్లెం మీద హెడ్ ఒక్కో ముక్క కోసం అటూ ఇటూ జరగాలి. ఒక్కో వెతుకులాటకు 10 మిల్లీసెకన్ల పైమాటే. విండోస్ ఆన్ అయ్యేటప్పుడు అలాంటి చిన్న ఫైళ్లు వేలల్లో కావాలి మరి. దాని బదులు చిప్‌లలో డేటా దాచే ఎస్ఎస్‌డీ వేయండి. అందులో తిరిగేదేమీ లేదు, ఆ ఆలస్యం మిల్లీసెకనులో పదో వంతుకు దిగిపోతుంది. హార్డ్ డిస్క్‌ను బోర్డుకు కలిపే పాత సాటా కేబుల్‌కే తగిలించుకోవచ్చు. విండోస్‌కు 250 జీబీ చాలు, పాత డిస్కును ఫైళ్లకు వాడుకోండి. అయితే అందులోంచి టకటకమని చప్పుడొస్తున్నా, డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో ప్రోగ్రామ్‌లో రీఎలకేటెడ్ సెక్టార్లు, అంటే పాడై పక్కన పెట్టేసిన చోట్లు, పెరుగుతున్నా ముందు బ్యాకప్ తీయండి. మిగతావన్నీ ఆ తర్వాతే.

డిస్క్ కాకుండా మెమరీ నిండిపోతుంటే ర్యామ్ పెంచాలి. డీడీఆర్3 స్లాట్‌లో డీడీఆర్4 పట్టదు, చూసి కొనండి.

కాసేపు బాగానే నడిచి తర్వాత నత్తనడక పడితే వేడిని అనుమానించాలి. మన షాపుల్లో కాగితపు దుమ్ము, టోనర్ పొడి కలిసి ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రెక్కల మధ్య మందంగా పేరుకుంటాయి. వేడెక్కిన ప్రాసెసర్ కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. ప్లగ్ పీకి, డబ్బాను ఆరుబయటికి తీసుకెళ్లి బ్లోయర్ కొట్టండి. ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకోండి, గాలికి గిర్రున తిరిగితే బేరింగు పోతుంది. హీట్‌సింక్ ఊడదీస్తే మాత్రం ప్రాసెసర్‌కూ దానికీ మధ్య ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది పెట్టాల్సిందే.

స్విచ్చి ఆపి వేసినప్పుడల్లా తేదీ వెనక్కిపోయి, వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే నెట్‌వాళ్లను తిట్టకండి. బోర్డు మీద గడియారాన్ని నడిపే సీఆర్2032 అని బిళ్ల బ్యాటరీ ఉంటుంది, అది మార్చండి.

ఇక మనకు అసలు చిక్కు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు, అంటే భద్రతా అప్‌డేట్లు, 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, మన పాత బోర్డుల్లో చాలావాటికి అది లేదు. విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేసుకోమంటారు కొందరు. ఇంట్లో పిల్లల చదువుకు నేనూ అదే చెబుతాను. కానీ పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీద బతికే మనకు అందులో నేరుగా పని జరగదు. అందుకని విండోస్ 10 ఉన్న ఆ పాత మెషీన్‌కు నెట్ కేబుల్ పీకేసి టైపింగుకే ఉంచండి. మెయిళ్లు, ఆన్‌లైన్ దరఖాస్తులు, డబ్బు చెల్లింపులు వేరే సిస్టమ్‌లో చేసుకోండి. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు కూడా అక్కడ స్కాన్ అయ్యాకే దీనికి గుచ్చాలి.

ఎవరైనా సీపీయూ వెంట తెచ్చుకుంటే ఈ బల్ల మీద పెట్టండి, మూత తీసి చూద్దాం.