పాత రిజిస్టర్ తెరవండి

అందరికీ నమస్కారం. వెనకాల బ్యానర్ బాగుంది. 'నాణ్యతా కార్యక్రమం పునఃప్రారంభం' అన్న మాట చూడగానే మాత్రం నాకు గుబులు పుట్టింది. సర్వీసులో ఉండగా ఇలాంటివి నేనే మూడు కట్టించాను లెండి.

క్వాలిటీ సర్కిల్స్ అంటే తమ పనిలోని ఇబ్బందులను వర్కర్లే కలిసి కూర్చుని చర్చించుకునే చిన్న బృందాలు. మన దేశంలో వాటికి పుట్టిల్లు ఇక్కడికి దగ్గరే. 1980లో హైదరాబాద్ పక్కన రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌ ఫ్యాక్టరీలో ఎస్.ఆర్. ఉడ్పా గారు మొదలుపెట్టారు. జపాన్‌లో అంతకు ముందే, 1962లో, నాణ్యతా నిపుణుడు ఇషికావా బృందం ఫోర్‌మన్ల కోసం ఒక పత్రిక తెచ్చింది. దాన్ని కలిసి చదువుకునే గుంపులే సర్కిళ్లయ్యాయి. అక్కడ ముందు చదువు వచ్చింది. మన దగ్గర చాలాచోట్ల ముందు బ్యాడ్జీలు, గ్రూప్ ఫొటో వచ్చాయి.

నేను పనిచేసిన ఒకచోట సర్కిళ్లు మూలపడ్డాయి. వర్కర్లకు ఆసక్తి లేదన్నారు. పాత మినిట్స్ రిజిస్టర్ తిరగేశాను. 'గ్రైండర్ దగ్గర వెలుతురు చాలడం లేదు' అని వరసగా ఏడు వారాలు రాసి ఉంది. ఎదురుగా ఏడుసార్లూ 'పరిశీలనలో ఉంది'. ఎనిమిదో వారం నుంచి 'సమస్యలేమీ లేవు'. ఆ తర్వాత పేజీలన్నీ ఖాళీ. పైగా ఆడిట్ కోసం కాబోలు, మూడు నెలల సంతకాలు ఒకే పెన్నుతో, ఒకే సిరాతో!

రెండు ట్యూబ్‌లైట్లు వేయించాం. మర్నాడు ఆపరేటర్ వచ్చి, "సార్, ఇక్కడ కొలత చూసే గేజి కూడా అరిగిపోయింది. చేసిన ముక్కే మళ్లీ సరిచేసే రీవర్క్ సగం దానివల్లే" అన్నాడు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదయ్యా అంటే, "లైటుకే దిక్కు లేదు, గేజి మాటెవరు వింటారు సార్" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

అందుకే మేనేజర్ గారికి నా మనవి ఒక్కటే. మొదటి నెల ట్రైనింగులు వద్దు, సమస్యకు కారణాలు వెతికే చేపముల్లు బొమ్మలూ వద్దు. పాత సూచనలన్నీ బయటికి తీసి ఒక్కోదానికీ జవాబు రాయించండి. కుదరదంటే కుదరదనే రాయండి, ఎందుకో కూడా రాయండి. జనం 'కాదు' అన్న మాటను తట్టుకుంటారు, 'పరిశీలనలో ఉంది'ని తట్టుకోలేరు. ఇక మీటింగంటారా, షిఫ్టు టైములోనే పెట్టండి. ఇంటికెళ్లే బస్సు గేటు దగ్గర హారన్ కొడుతుంటే ఎవరి బుర్రా పనిచేయదు.

ఇంతకీ ఇక్కడి పాత రిజిస్టర్లు ఎక్కడున్నాయి? స్టోర్స్‌లోనా? టీ తాగి నేరుగా అక్కడికే వెళ్దాం పదండి.